తాడెక్కి కోసే పనా, కింద నిలబడి తేల్చే పనా: చెట్ల వైద్యంలో ఏది మేలు?

చెట్ల పనిలోకి రావాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఇదే. ట్రీ సర్జన్‌గా చెట్టెక్కి కొమ్మలు కోయడం నేర్చుకుంటే మేలా, లేక కన్సల్టెంట్‌గా చెట్టును పరీక్షించి, ఉంచొచ్చో కొట్టెయ్యాలో రిపోర్టు రాసిచ్చే పని మేలా? బయటినుంచి చూసేవాళ్లకు మొదటిది ఒంటి కష్టం, రెండోది బుర్ర కష్టం అనిపిస్తుంది. పదేళ్లకు పైగా తాడు మీద, ఆ తరవాత ఇంచుమించు అంతే కాలం నోట్‌బుక్కుతో గడిపిన నాకు అలా అనిపించదు. తాడు మీద ఉన్నవాళ్లు నిమిషానికో నిర్ణయం తీసుకోవాలి. రిపోర్టు రాసేవాళ్లు ఒక్క వాక్యానికి ఏళ్ల తరబడి జవాబు చెప్పుకోవాలి.

ముందు పైకెక్కే పని. ఇందులో చెయిన్ సా చిన్న భాగం, పెద్ద భాగం తాడే. తాడు ఏ పంగలోంచి వెయ్యాలి? ఆ పంగ గట్టిదేనా? రెండు మానులు ఇరుకుగా కలిసిన చోట బెరడు లోపలికి మడతపడి ఉంటే అది పైకి ఎంత లావుగా కనిపించినా లోపల అతుకు ఉండదు, బరువు పడితే చీలిపోతుంది. రంపం నడిపేటప్పుడు ఒంటిని రెండు వేరువేరు ఆధారాలకు కట్టుకోవాలి. గొలుసు సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. అది తాడుకు తగిలితే ఆలోచించుకునే వ్యవధి ఉండదు, రెండో ఆధారమే దిక్కు. బరువు పడితే బిగుసుకుని, బరువు తీస్తే జారే ముడిని 1931లో కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా పర్వతారోహకుడు లోకానికి చూపించాడు. ఆ కుదురులోంచి వచ్చిన ముడులే ఇవాళ్టికీ మా ప్రాణాలు మోస్తున్నాయి. పైన ఉన్న మనిషికి ఏమైనా అయితే ఎక్కి దించగలిగిన ఇంకో మనిషి కింద ఉండాలి. ఒంటరిగా ఎక్కకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

ఇక బరువు సంగతి. మీటరు పొడవు, 50 సెంటీమీటర్ల మందం ఉన్న పచ్చి దుంగ 200 కిలోల దాకా తూగుతుంది. కింద నిలబడి చూస్తే అది చిన్న ముక్క. దాన్ని తాడుకు కట్టి, కోసి, పడబోయే క్షణంలో తాడు పట్టుకుని నెమ్మదిగా దించడం జట్టంతా ఒక్క చెయ్యిలా మెలగాల్సిన పని.

ఒక్క కోత గురించి వివరంగా చెప్పాలి. కొమ్మ మానులోంచి పుట్టే చోట చుట్టూ కాస్త ఉబ్బుగా ఉంటుంది. దాన్ని కాలర్ అంటాం. ముందు అక్కడికి ఒక అడుగు దూరంలో కొమ్మ అడుగుభాగాన కొంత కోస్తాం. తరవాత ఇంకాస్త అవతల పైనుంచి కోస్తే కొమ్మ విరిగి పడిపోతుంది, బెరడు మాను దాకా చీరుకుపోదు. మిగిలిన మోడును మూడో కోతతో కాలర్ దాటగానే తీసేస్తాం. కాలర్‌ను మాత్రం ముట్టుకోం. పాత రోజుల్లో మానుకు నున్నగా ఆనించి కోసి, గాయానికి తారు పూసేవారు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా చీల్చి చూసి, 1977లో వెలువరించిన నమూనాతో ఆ పద్ధతి తప్పని తేల్చాడు. మన చర్మం గాయపడితే తిరిగి బాగుపడుతుంది, చెట్టులో చెడిన కణజాలం అలా బాగుపడదు. చెట్టు ఆ చెడిన చోటికి చుట్టూ గోడలు కట్టి బంధిస్తుంది, దాని మీద కొత్త కొయ్య పెంచుకుంటుంది. ఆ గోడ కట్టే సరంజామాలో ఎక్కువ భాగం కాలర్‌లోనే ఉంటుంది. నున్నటి కోత కంటికి ఇంపుగా ఉంటుంది గానీ చెట్టు చేతిలోంచి ఆయుధం లాక్కుంటుంది. తారు కుళ్లును ఆపదు. ఈ ఒక్క కోత సరిగ్గా కోసినందుకు ఒక చెట్టు పదుల ఏళ్లు అదనంగా నిలబడుతుందనుకుంటే, నాకు ఆ పని మీద ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను.

ఒళ్లు మాత్రం లెక్క తీసుకుంటుంది. రంపం అదురుకు వేళ్లు తెల్లబారి తిమ్మిరెక్కే జబ్బు వస్తుంది, చెవులు మొద్దుబారతాయి, భుజాలూ మోకాళ్లూ అరుగుతాయి. నలభై దాటాక రోజూ ఎక్కేవాళ్లు తక్కువ.

ఇప్పుడు కన్సల్టెంట్ పని. చేతిలో చెక్క సుత్తి, టేపు, సన్నటి ఊచ, బైనాక్యులర్స్. మాను చుట్టూ తడుతూ పోతే ఒకచోట ఠక్కుమని, ఇంకోచోట డొల్లమోత మోగుతుంది. అది విన్న యజమాని ముఖం వాడిపోతుంది. "లోపలంతా తొర్రేనా? కొట్టేయించాలా అండీ?" అని అడుగుతారు. అక్కడే ఈ పని విలువ ఉంది. మానును బోలు గొట్టం అనుకుని లెక్క వేసి చూడండి: మాను అడ్డకొలతలో సగం మేర లోపల ఖాళీ ఉన్నా, వంగకుండా నిలిచే బలంలో పోయేది 6 శాతమే. 70 శాతం ఖాళీ అయినా పోయేది 24 శాతం. గాలిని ఓర్చుకునేది బయటి కొయ్యే. జర్మనీ శాస్త్రవేత్త క్లాస్ మాథెక్ విరిగిన చెట్లను, నిలిచిన చెట్లను కొలిచి, చుట్టూ మిగిలిన గట్టి గోడ మాను అర్ధవ్యాసంలో మూడో వంతుకు దగ్గరగా ఉంటే నిలుస్తుందని ఒక కొండగుర్తు ఇచ్చాడు. దాన్ని శాసనంలా పట్టుకోకూడదు. తొర్రకు ఒకవైపు నోరు తెరుచుకుని ఉంటే, నిలువు పగుళ్లుంటే, గుబురు మరీ పెద్దదైతే లెక్క మారిపోతుంది. అయినా తొర్ర పడిందని భయపడి కొట్టించిన చెట్లలో ఎన్నో బతకదగ్గవే అని నా గట్టి నమ్మకం.

అసలు అపాయం చాలాసార్లు కింద ఉంటుంది. చెట్టు మొదలు దగ్గర బెరడుకు అంటుకుని పెరిగే పుట్టగొడుగు, ఒకవైపు పగిలి లేచిన నేల, నాలుగేళ్ల కిందట పైపు కోసం తవ్విన కాలవ. వేళ్లలో ఎక్కువ భాగం పైమీటరు లోతులోనే పరుచుకుంటాయి. ఛాతీ ఎత్తున మాను మందానికి 12 రెట్ల దూరం దాకా నేలను కదపకూడదని లెక్క వేస్తారు. అర మీటరు మానుకు 6 మీటర్లన్నమాట. కొమ్మలు పచ్చగా ఉన్నాయని ధీమాగా ఉంటారు జనం. వేళ్లు తెగిన సంగతి ఆకులకు తెలియడానికి ఏళ్లు పట్టొచ్చు. సన్నటి సూదితో మానును తొలిచి నిరోధం కొలిచే యంత్రాలు, చుట్టూ సెన్సర్లు పెట్టి శబ్దవేగంతో లోపలి బొమ్మ గీసేవి వచ్చాయి. మంచివే. అయితే ఎక్కడ పెట్టాలో సుత్తి చెప్పాలి.

ఆదాయం గురించి అడుగుతారు కాబట్టి: కన్సల్టెంట్‌కు పనిముట్ల ఖర్చు, జట్టు ఖర్చు తక్కువ, వయసు పైబడ్డా పని దొరుకుతుంది. పేరు రావడానికి మాత్రం చాలాకాలం పడుతుంది.

ఇక ఈ రెండింటినీ విడదీసే అసలు సంగతికి వస్తాను. తాడు మీద ఉన్న రోజుల్లో నేను పనిచేసిన జట్టు ఒక పెద్ద చెట్టుకు "లోపల చెడింది, తీసెయ్యాలి" అని తానే సలహా ఇచ్చి, తానే పని ఒప్పుకుంది. కోసింది నేను. చివరి మొద్దు మీద చెయ్యి పెట్టి చూశాను. మధ్య నుంచి అంచు దాకా చేవ గట్టిగా, తడిగా, శుభ్రంగా ఉంది. పుట్టగొడుగు లేదు, తొర్ర లేదు. ఎవరూ పెద్ద అబద్ధం ఆడలేదు, అనుమానం వచ్చిన చోట పని వైపు మొగ్గారు, అంతే. కోతకు డబ్బు తీసుకునే మనిషి కోత అవసరమా అన్నదానికి తీర్పరి కాకూడదని ఆ రోజు నాకు అర్థమైంది.

మరి కన్సల్టెంటే మేలని తేల్చేద్దామా? ఎన్నడూ చెట్టెక్కని కన్సల్టెంట్లు రాసిన రిపోర్టులూ నా చేతికి వచ్చాయి. "గుబురు 30 శాతం తగ్గించాలి" అని ఉంటుంది. దేంట్లో 30 శాతం? ఎత్తులోనా, వెడల్పులోనా, ఆకు మొత్తంలోనా? ఎక్కినవాళ్లయితే "18 మీటర్ల ఎత్తును 15కు దించాలి, ఇంత మందం దాటిన కోతలు పెట్టకూడదు" అని రాస్తారు. అలా రాయకపోతే పనివాళ్లు తోచినట్టు నరికి చెట్టును మోడు చేస్తారు. మోడు మీద పుట్టే కొత్త రెమ్మలు పైపొరకే అతుక్కుని ఉంటాయి, పెద్దవయ్యాక ఊడిపడతాయి. అంతేకాదు, కొమ్మ పైవైపున ఉన్న పగులూ, నీళ్లు నిలిచే గుంటా నేల మీదినుంచి కనబడవు. వాటిని చూడాలంటే ఎక్కాల్సిందే.

అందుకే నా లెక్క ఇది: ముందు తాడు, తరవాత రిపోర్టు. కనీసం నాలుగైదేళ్లు ఎక్కండి. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ ఇచ్చే ఆర్బరిస్ట్ (చెట్ల సంరక్షణ నిపుణుల) సర్టిఫికెట్ పరీక్షకు కూడా 3 ఏళ్ల పని అనుభవమో, చదువూ అనుభవమూ కలిపో చూపించాలి. ఎత్తంటే భయమున్నవాళ్లు, ఒళ్లు సహకరించనివాళ్లు ఎక్కకపోయినా పర్లేదు. అయితే ఒక ఏడాది కింది జట్టులో తాళ్లు లాగి, కొమ్మలు మోసి, ఎక్కేవాళ్లతో మాట్లాడి అప్పుడు కన్సల్టెంట్ కండి. రెండు పనులూ ఒక్కరే చేస్తున్నా తప్పనను. చిన్న జట్లకు వేరే దారి ఉండదు. ఒకే చెట్టుకు మాత్రం రెండూ చెయ్యొద్దు. మీరు పరీక్షించిన చెట్టును వేరేవాళ్లతో కోయించండి, మీరు కోయబోయే చెట్టుకు వేరేవాళ్ల చేత పరీక్ష చేయించండి. ఆ మాట పని ఒప్పుకునే కాగితం మీదే రాసి ఇవ్వండి.

మొదటి ఏడాది కింద ఉన్నప్పుడు, పడిన ప్రతి దుంగ కోతముఖాన్నీ తిరగేసి చూడండి. కుళ్లు ముదురు గోధుమ రంగులో పాకి, ఒకచోట సన్నటి నల్లగీత దగ్గర ఆగిపోయి, గీత అవతల కొయ్య తెల్లగా మొదలవుతుంది. ఆ గీత నుంచి బయటికి ఉంగరాలు లెక్కపెడితే చెట్టుకు ఆ గాయం ఏ ఏట తగిలిందో తెలుస్తుంది. తరవాత లేచి, పక్కనున్న చెట్టును సుత్తితో తట్టి వినండి.