రాత్రిపూట నీళ్లు కట్టేవాళ్లకు ఏది మేలు: గంబూట్లా, కాన్వాస్ బూట్లా?

ఇంగారి (రబీ) పైర్లు నేల పట్టి, తెల్లారుజామున మంచు కురవడం మొదలయ్యేసరికి కర్నూలు, అనంతపురం, కడప వైపు చెప్పుల అంగళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే. రాత్రిపూట చేనికి పోవాలంటే గంబూట్లు కొనాలా, మిలిటరీ రకం కాన్వాస్ బూట్లు కొనాలా? ధరలో పెద్ద తేడా ఉండదు కాబట్టి ధర చూసి తేల్చుకోలేం. అంగడాయన్ను అడిగితే తన దగ్గర ఏవి మిగిలాయో అవే మేలంటాడు.

మనకు మంచుగడ్డలు పడవు, దీనికింత ఆలోచన దేనికి అనుకోవచ్చు. డిసెంబరు, జనవరి తెల్లారుజాముల్లో ఇక్కడ 15 డిగ్రీల దాకా దిగుతుంది. పొడికాలికి అది లెక్కలోది కాదు. తడికాలి సంగతి వేరు. నీళ్లు ఒంటి వేడిని గాలికంటే పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి. గంటల తరబడి నానిన పాదం 15, 16 డిగ్రీల చలిలోనే దెబ్బతింటుంది. మొదట మొద్దుబారుతుంది, తెల్లగా ముడతలు పడుతుంది. ఆరాక ఎర్రగా వాచి మంట పెడుతుంది. వేళ్ల సందులు పాసిపోవడం దీని తమ్ముడే అనుకోండి.

ముందు మీ నేల, నీళ్లు పెట్టే పద్ధతి చూసుకోండి. కె.సి. (కర్నూలు-కడప) కాలవ కింద వరి మళ్లయినా, నల్లరేగడిలో కాలవలు తీసి మడవలు తిప్పే చేనయినా పాదం మునిగేంత నీళ్లలో నిలబడాల్సిందే. అక్కడ కాన్వాస్ బూటు రెండు నిమిషాల్లో తడుస్తుంది, తెల్లారేదాకా తడిగానే ఉంటుంది. గంబూటు తప్ప దారి లేదు. అదే అనంతపురం ఎర్రనేలల్లో డ్రిప్పు పెట్టిన తోటయితే కాలు నీళ్లలో పెట్టే పనే తక్కువ. వాల్వులు తిప్పడం, ఫిల్టరు కడగడం, ఊడిన పైపు బిగించడం. దానికి గంబూట్లు ఈడ్చుకుంటూ తిరగడం అనవసరం.

స్ప్రింక్లర్ల కింద బుడ్డల (వేరుశనగ) చేను ఈ రెంటికీ నడుమ. నీళ్లు కింద నుంచి కాదు, పైనుంచి వస్తాయి. పైపులు మార్చేటప్పుడు మోకాళ్ల మీద పడిన నీళ్లు ప్యాంటు వెంట దిగి, ప్యాంటును బూటులోకి దోపి ఉంటే నేరుగా పాదం దగ్గరికే చేరతాయి. కాబట్టి స్ప్రింక్లర్ చేలో ప్యాంటు బూటు లోపలికి కాకుండా బయట, దాని మీదుగా కిందికి జారి ఉండాలి. బురదమడిలో మాత్రం దోపుకోవాలి. చాలామంది గంబూట్లు కారుతున్నాయని అంగడికి తిరిగి తెచ్చే జతల్లో లోపం బూటుది కాదు, ఈ దోపుడుదే.

శనగ చేను గురించి వేరుగా చెప్పాలి. శనగ ఆకు మీది నూగులోంచి ఊరే పులుపులో మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లాలు ఉంటాయి. పొద్దున్నే మంచులో ఆ చేలో పది సాళ్లు నడిస్తే చాలు, ఆ పులుపు నీళ్లు కాన్వాస్ గుడ్డలోంచి ఇంకి మడమ పగుళ్లలోకి దిగి చురుక్కుమంటాయి. తోలు బూట్లనూ అవి బాగుపడనివ్వవు. గంబూటు అయితే ఒక చెంబు నీళ్లు పోసి కడిగితే సరిపోతుంది.

పాముల విషయంలోనూ మొగ్గు గంబూటు వైపే. కట్లపాము, రక్తపింజరి రాత్రి తిరిగేవే. కాట్లు ఎక్కువగా పడేది పాదం మీద, చీలమండ దగ్గర. కాన్వాస్ బూటు ఆపైన వదిలేసే పిక్కను గంబూటు సగం దాకా కప్పుతుంది. బ్యాటరీ లైటు లేకుండా దాన్నే నమ్ముకోకూడదు. గంబూట్లున్నాయి కదా అని తడిచేత్తో స్టార్టరు డబ్బా ముట్టుకోవడం ఇంకా ప్రమాదం. మామూలు గంబూటు కరెంటు నుంచి కాపాడడానికి చేసింది కాదు.

ఇంతవరకు గంబూటే గెలిచినట్టు కనిపిస్తుంది. అయినా గంబూట్లు కొన్నవాళ్లే ఎక్కువగా కాళ్లు చల్లబడుతున్నాయని అంటారు. ఎందుకంటే బయటి నీళ్లను లోపలికి రానివ్వని గోడ లోపలి తేమనూ బయటికి పోనివ్వదు. రెండు పాదాలకూ కలిపి రెండున్నర లక్షల దాకా చెమట గ్రంథులుంటాయి. పార పట్టి మడవ కట్టేటప్పుడు ఒళ్లు వేడెక్కి పాదం చెమట పోస్తుంది. ఆ తర్వాత గెనిమ మీద కూర్చుని మడి నిండేదాకా కాచుకుంటారు. ఆ అరగంటలోనే చెమట చల్లబడి కాలు జివ్వుమంటుంది. ఒక్క చుక్క నీళ్లు దూరకపోయినా కాలు తడిసినట్టే. కాబట్టి అసలు తేల్చాల్సింది బూటు సంగతి కాదు, లోపలి సాక్సుల సంగతి.

నూలు సాక్సులు ఇక్కడ పనికిరావు. అవి చెమట పీల్చుకుంటాయి కానీ వదలవు. తడిసిన నూలు చప్పబడి చర్మానికి అంటుకుంటుంది, వేడిని పట్టి ఉంచే గాలి పొర పోతుంది. ఉన్ని అలా కాదు. మామూలు గాలిలో నూలు తన బరువులో 8 శాతం తేమ పట్టుకుంటే ఉన్ని 16 శాతం దాకా పట్టుకుంటుంది. తేమ ఇంకా పెరిగితే తన బరువులో మూడో వంతు దాకా పీల్చుకున్నా చేతికి తడి తెలియనివ్వదు. పోగులు ఉంగరాలు తిరిగి ఉండడం వల్ల నలిగినా మళ్లీ లేస్తాయి. యాక్రిలిక్ అనే కృత్రిమ పోగు 2 శాతం లోపే పట్టుకుంటుంది. ఉన్ని అంత వెచ్చగా ఉండదు కానీ త్వరగా ఆరుతుంది. నూలుకంటే అదే నయం.

చలికాలం రోడ్ల పక్కన వెలిసే స్వెట్టర్ల అంగళ్లలో ఉలన్ సాక్సులని అమ్మేవి చాలావరకు యాక్రిలిక్కే. తేల్చుకోవాలంటే ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, మంట తీయగానే ఆరిపోతుంది, మసి వేళ్ల మధ్య పొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. నూరు శాతం ఉన్ని మడమ దగ్గర త్వరగా చిరుగుతుంది. సగానికి పైగా ఉన్ని, మిగతాది నైలాన్ ఉన్న జత ఎక్కువ కాలం ఆగుతుంది. లోపల పలుచటి నైలాన్ సాక్సు, పైన మందపాటి ఉన్ని సాక్సు వేస్తే చెమట పైపొరలోకి పోతుంది, బొబ్బలూ తగ్గుతాయి.

ఎంత మంచి సాక్సయినా రాత్రంతా ఒకే జతతో గడపకండి. రెండో జతను పాలిథిన్ కవరులో చుట్టి చొక్కా లోపల పెట్టుకోండి, ఒంటి వేడికి వెచ్చగా ఉంటుంది. పని సగంలో, లేదా కరెంటు పోయి మోటరు ఆగినప్పుడు, బూట్లు విప్పి వేళ్ల సందులు తువ్వాలుతో తుడిచి మార్చుకోండి. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల నీళ్లలో నిలబడి వేలమంది సైనికుల పాదాలు పాడైతే, బ్రిటిష్ సైన్యం పట్టుబట్టి అమలు చేసింది ఇదే: పాదాలు తుడుచుకోవడం, తిమింగలం నూనె రుద్దుకోవడం, సాక్సులు మార్చుకోవడం. మనకు ఆ నూనె అక్కర్లేదు, వేళ్ల సందుల్లో పలుచగా వాజలైన్ రాస్తే చాలు. పౌడరు ఎక్కువ చల్లితే చెమటకు ముద్ద కట్టి ఒరుస్తుంది.

గంబూటు కొనేటప్పుడు రోజూ వేసే నంబరు కంటే ఒక నంబరు పెద్దది తీసుకోండి. సాక్సులు వేసుకుని అంగడికి పోండి. కాలు ముందుకు తోసి బొటనవేలు తగిలేలా నిలబడితే మడమ వెనక ఒక వేలు దూరాలి, బూటులో వేళ్లు ఆడాలి. బిగుతైతే రక్తం సరిగా ఆడక ఎన్ని సాక్సులు వేసినా కాలు చల్లబడుతుంది. మరీ వదులైతే నల్లరేగడి బంకలో బూటు దిగబడి కాలొక్కటే పైకి వస్తుంది. దిగబడినప్పుడు పైకి లాగకండి. మడమను ఇటూ అటూ తిప్పి గాలి దూరనిచ్చి, ముందు మడమ లేపితే వచ్చేస్తుంది.

లోపల గుడ్డ లైనింగు ఉన్నవి వెచ్చగా ఉంటాయని చూపిస్తారు. తీసుకోకపోవడమే మంచిది. ఆ లైనింగు తడిస్తే మరుసటి రాత్రికి ఆరదు. లైనింగు లేని బూటులో అడుగున తీసి వేసుకునే అట్ట పెట్టుకోవడం మేలు. దానికి పాత కంబళికి మించింది లేదు. అనంతపురం వైపు కురుబలు నేసే నల్ల కంబళి చిరిగింది ఏ ఇంట్లోనైనా ఉంటుంది. పాదం గీసి, అంచు చుట్టూ కొద్దిగా తగ్గించి రెండు పొరలు కత్తిరించి దారంతో కుట్టండి. ముతక ఉన్ని కాబట్టి ఒంటి బరువుకు పూర్తిగా అణగదు, నేల చలి పైకి రాకుండా ఆపుతుంది. రెండు జతలు చేసుకుంటే ఒకటి ఆరుతుంటే ఇంకోటి వాడుకోవచ్చు. ప్లాస్టిక్ గంబూట్ల మీద ఐ.ఎస్. 12254 గుర్తు ఉందేమో చూడండి, అది పి.వి.సి. బూట్ల ప్రమాణం.

కాన్వాస్ బూటును తీసిపారేయడానికి లేదు. గొర్రెల మంద వెంట రోజంతా నడిచేవాళ్లకు గంబూటు శిక్షే. బరువు, పిక్క మీద ఒరుపు, చెమట. నడిచే కాలు ఎలాగూ వేడిగా ఉంటుంది కాబట్టి ఊపిరాడే గుడ్డే నయం. మంచులో తడిసినా ఉన్ని సాక్సు ఉంటే పొద్దెక్కేసరికి నడకలోనే ఆరుతుంది. రాత్రి మంద కాడ పడుకునేటప్పుడు మాత్రం ఆ సాక్సులు విప్పి పొడివి వేసుకోవాలి. కంపచెట్ల ముల్లు గుడ్డలోంచి దిగుతుందన్నది దీని లోపం. గంబూటు పక్కలకూ ఆ ముల్లు దిగుతుంది, అక్కడి నుంచే కారడం మొదలవుతుంది.

తోలు బూట్లు తడిస్తే ఆరడానికి రెండు రోజులు పడుతుంది, వదిలేయండి. సాక్సు మీద ప్లాస్టిక్ కవరు తొడిగి చెప్పులు వేసుకోవడం గంటసేపటి పనికి సరే, ఆపైన లోపలంతా చెమట మడుగే. ఉత్త రబ్బరు చెప్పులు పావుగంట పనికి మంచివే, తుడవగానే కాలు ఆరిపోతుంది. కాకపోతే చీకట్లో వద్దు.

కాలు మొద్దుబారితే చలిమంట దగ్గర చాపకండి. స్పర్శ లేని పాదానికి కాలుతున్నది తెలియదు. షుగరు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తుడిచి, పొడి సాక్సు వేసి, కంబళి చుట్టి కూర్చుంటే మెల్లగా అదే తేరుకుంటుంది. గంటయినా తిమ్మిరి వదలకపోయినా, వాపు ఎక్కినా డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంటికొచ్చాక గంబూట్లలో పాత పేపర్లు కుక్కి, గంట తర్వాత అవి తీసి కొత్తవి కుక్కండి. తర్వాత నీడలో రెండు కర్రలు పాతి తలకిందులుగా తగిలించండి. అలా ఉంటే తేళ్లూ దూరవు. అయినా వేసుకునే ముందు ఒకసారి దులపండి. పొయ్యి పక్కన, ఎర్రటెండలో పెడితే పి.వి.సి. వంకరపోయి గట్టిపడుతుంది. కారుతోందని అనుమానమైతే చీలమండ దాకా నీళ్లు పోసి బయట ఎక్కడ చెమ్మ వస్తుందో చూడండి. రబ్బరు బూటయితే సైకిల్ పంక్చరు అతుకు పట్టుకుంటుంది, పి.వి.సి. మీద అది నిలవదు. పి.వి.సి. పైపుల సొల్యూషన్‌తో పాత బూటు ముక్క అంటించవచ్చు కానీ వంగని చోట మాత్రమే. వేళ్ల దగ్గర వంగే మడతలో ఆ అతుకు గట్టిపడి మళ్లీ పగులుతుంది. అక్కడ పగిలిన జతను పేడ ఎత్తే పనికి వదిలేసి కొత్తది కొనుక్కోవడమే.