అవిన్యోన్ పోపుల ప్యాలెస్: "లోపల ఏమీ లేదు" అని విని వెళ్దామా వద్దా అనుకుంటున్నవాళ్ళకి

ఏప్రిల్‌లో అమ్మని తీసుకుని రెండు రోజులు దక్షిణ ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ వెళ్ళొచ్చాను. వెళ్ళే ముందు అక్కడి పోపుల ప్యాలెస్ (ఒకప్పుడు క్యాథలిక్ మతపెద్దలైన పోప్‌లు ఉన్న కోట) గురించి రివ్యూలు చదివితే సగం మంది ఒకటే మాట రాశారు, అంత డబ్బు పెట్టి టికెట్ కొని లోపలికి వెళ్తే ఖాళీ రాతి గదులు తప్ప ఏమీ లేవని. ఆ మాట అబద్ధం కాదు, నిజంగానే ఖాళీ. రాజుల కోటల్లో ఉండే మంచాలు, అద్దాలు, తివాచీలు ఇక్కడ వెతకొద్దు. కానీ నాకు ఫ్రాన్స్‌లో చూసినవాటిలో అన్నిటికంటే ఇదే ఎక్కువ గుర్తుండిపోయింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు చేరుకోవడం గురించి. పారిస్ నుంచి టీజీవీ అనే వేగం రైల్లో రెండున్నర గంటలకి కాస్త ఎక్కువ పడుతుంది. అవిన్యోన్‌కి రెండు స్టేషన్లు ఉన్నాయి. టీజీవీ స్టేషన్ ఊరి బయట ఉంటుంది, అక్కడ దిగి కోట ఎక్కడా అని చూస్తే ఏమీ కనపడదు. అక్కడి నుంచి చిన్న రైలు ఎక్కితే ఐదారు నిమిషాల్లో పాత ఊరి స్టేషన్‌లో దింపుతుంది. బయటికి రాగానే ఎదురుగా 14వ శతాబ్దపు ప్రాకారం, దాని ద్వారం. ఆ గోడ ఊరి చుట్టూ నాలుగు కిలోమీటర్ల పైనే, ఇప్పటికీ తెగకుండా ఉంది. ద్వారం దాటి నేరుగా నడిస్తే పావుగంటలో ప్యాలెస్ ముందుంటారు. బస్సు, టాక్సీ ఏమీ అక్కర్లేదు.

పోపులు రోమ్‌లో కదా ఉండాలి, ఇక్కడేం పని అని అమ్మ రైల్లోనే అడిగింది. కథ తెలుసుకుని వెళ్తేనే ఆ గదులు అర్థమవుతాయి కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. ఐదో క్లెమెంట్ అనే ఫ్రెంచి పోప్ 1309లో ఇక్కడికి వచ్చి దిగాడు. ఇటలీలో గొడవలు, ఫ్రాన్స్ రాజు ఒత్తిడి, రెండూ కారణాలే. కొద్ది రోజులకని వచ్చినది దాదాపు డెబ్బై ఏళ్ళయింది. వరసగా ఏడుగురు పోపులు, ఏడుగురూ ఫ్రెంచివాళ్ళే. చివరికి పదకొండో గ్రెగొరీ 1377లో రోమ్ చేరాడు. అసలు అప్పట్లో అవిన్యోన్ ఫ్రాన్స్ రాజు చేతిలో కూడా లేదు, ప్రొవాన్స్ పాలకులది. 1348లో ఆరో క్లెమెంట్ ఈ ఊరిని ప్రొవాన్స్‌ని కూడా ఏలుతున్న నేపుల్స్ రాణి జొవాన్నా దగ్గర 80,000 ఫ్లోరిన్లకి (అప్పటి బంగారు నాణేలు) కొనేశాడు. ఊరికి ఊరే కొనుక్కున్నాడు! అప్పటి నుంచి ఫ్రెంచి విప్లవకాలంలో, 1791లో, ఫ్రాన్స్‌లో కలిసేదాకా ఇది చర్చి ఆస్తిగానే ఉంది.

ప్యాలెస్ కట్టడం 1335లో మొదలైంది. మొదలుపెట్టిన పన్నెండో బెనెడిక్ట్ సిస్టర్షియన్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన సన్యాసి, ఆడంబరం అంటే పడని మనిషి. తర్వాత వచ్చిన ఆరో క్లెమెంట్ దానికి పూర్తిగా వ్యతిరేకం, విందులు, వేట, చిత్రకారులు, సంగీతం అన్నీ కావాలి. ఒకరు కట్టింది పాత ప్యాలెస్, ఇంకొకరు దానికి అతికించింది కొత్త ప్యాలెస్. ఇరవై ఏళ్ళు గడిచేలోపే దాదాపు అంతా లేచింది. మొత్తం 15,000 చదరపు మీటర్లు. ఇది ముందే తెలుసుకుని వెళ్తే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళేటప్పుడు ఇది ఎవరి ఇల్లో మీకే తెలిసిపోతుంది. అమ్మ సగం దూరం వెళ్ళేసరికి నేను బోర్డు చదివేలోపే "ఇది ఆ సన్యాసిది" అని చెప్పేసేది.

ఇక టాబ్లెట్ సంగతి. టికెట్‌తో పాటే హిస్టోప్యాడ్ అని ఒక టాబ్లెట్ చేతికిస్తారు, దానికి వేరే డబ్బులు లేవు. భాష ఎంచుకోవాలి, మనకి ఇంగ్లీషే దిక్కు. కొన్ని గదుల్లో ఒక గుర్తుని స్కాన్ చేస్తే అదే గది 14వ శతాబ్దంలో ఎలా ఉండేదో తెర మీద వస్తుంది, టాబ్లెట్‌ని ఎటు తిప్పితే అటు. రంగు గోడలు, తెరలు, బల్లల మీద వడ్డనలు. బాగా చేశారు, పిల్లలకి నాణేలు వెతికే ఆట కూడా పెట్టారు. కానీ ఒక ఇబ్బంది కళ్ళారా చూశాను. చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది గదిలోకి రావడం, టాబ్లెట్ ఎత్తడం, దించకుండానే పక్క గదిలోకి పోవడం. అసలు గోడని చూసినవాళ్ళు తక్కువ. అలా చూస్తే బయటికొచ్చాక "ఏమీ లేదు" అనే అనిపిస్తుంది మరి. మేం రెండో గది నుంచి పద్ధతి మార్చాం. ముందు ఉత్త కళ్ళతో గది అంతా ఒక చుట్టు చుట్టడం, తర్వాత తెర మీద చూడటం, ఆ తర్వాత టాబ్లెట్ పక్కన పెట్టి మళ్ళీ ఉత్త గోడని చూడటం. ఆ మూడోసారి చూసినప్పుడే అసలు సంగతి తెలిసేది, గోడలో ఆ రంధ్రం ఎందుకుందో, ఆ పొయ్యి అంత పెద్దది ఎందుకో.

గ్రాండ్ టినెల్ అనే విందుశాల 48 మీటర్ల పొడవు. పైన కప్పు పడవని బోర్లించినట్టు చెక్కతో ఉంటుంది. ఒకప్పుడు పైకి చూస్తే నీలం బట్ట మీద నక్షత్రాలు కనపడేవట, గోడల నిండా చిత్రాలు ఉండేవి. 1413లో మంటలు వచ్చి అన్నీ పోయాయి. దాని పక్కనే వంటగది. నాకు భలే నచ్చిన గది ఇది. వంటగది అంటే పొయ్యి పెట్టిన గది కాదు, గదే పొయ్యిగొట్టం. కింద నాలుగు పక్కలుగా మొదలై పైకి పోయేకొద్దీ ఎనిమిది పక్కల గోపురంలా సన్నబడుతూ వెళ్ళి చివర చిన్న వెలుతురు. మధ్యలో మంట వేసి పశువుల్ని కాల్చేవారు. అమ్మ అక్కడ నిలబడి చాలాసేపు పైకి చూసి, "ఇంత మందికి వండినవాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదేంటే" అంది. నా దగ్గర జవాబు లేదు.

కింద ఖజానా గది తప్పకుండా చూడండి. నేల మీద పరిచిన బండలు లేపితే కింద రాతి గుంటలు, బంగారం వెండి సామాన్లు, దస్తావేజులు అందులో దాచేవారు. ఈ గుంటలు బయటపడింది ఈమధ్యనే, 1985లో. శతాబ్దాల తరబడి ఎంతమంది వాటి మీద నడిచి ఉంటారో!

ఖాళీ కానివి కూడా ఉన్నాయి. పోప్ పడకగది గోడలు ముదురు నీలం, వాటి మీద ద్రాక్షతీగలు, ఓక్ కొమ్మలు, వాటిలో పిట్టలు, ఉడతలు. కిటికీ పక్క గోడల్లో పక్షుల పంజరాలు బొమ్మ గీశారు, కొన్నిటిలో పిట్ట లేదు. దాని పక్కది ఆరో క్లెమెంట్ పని చేసుకునే గది, జింక గది అంటారు. 1343లో వేసిన చిత్రాలు. వేట కుక్కలు, డేగతో వేట, పండ్లు కోసేవాళ్ళు, చెరువు చుట్టూ చేపలు పట్టేవాళ్ళు. దేవుడి బొమ్మ ఒక్కటీ లేదు. ఒక పోప్ తన సొంత గదికి ఇవి కోరుకున్నాడంటే ఆయన ఎలాంటివాడో పుస్తకం చదవక్కర్లేదు. ఈ గదుల్లో ఫొటోలు తీయనివ్వరు, దానివల్ల జనం ఫోన్లు దించి నిజంగా చూస్తారు. మాకు అదే మేలనిపించింది.

మరి మిగతావన్నీ ఏమయ్యాయి? విప్లవంలో దోచుకున్నారు, 19వ శతాబ్దంలో దీన్ని సైనికుల బ్యారక్‌గా మార్చారు. 1906 దాకా ఇక్కడ సైన్యం ఉంది. పెద్ద హాళ్ళని అంతస్తులుగా అడ్డం కట్టి పడకలు వేశారు. సెయింట్ జాన్ చాపెల్‌లో (చిన్న ప్రార్థన గది) ఇటలీ చిత్రకారుడు మత్తెయో జొవన్నెత్తి వేసిన చిత్రాల్లో కొన్నిచోట్ల మనుషుల తలలు ఉండవు. సైనికులు గోడ నుంచి కోసి అమ్ముకున్నారు. మొండేలు నిలబడి ఉంటాయి, ముఖాల చోట ఉత్త సున్నం. అది చూశాక నాకు గుండె బరువెక్కింది, చాలాసేపు టాబ్లెట్ ముట్టుకోబుద్ధి కాలేదు.

ఇప్పుడు కష్టాలు. మెట్లు చాలా ఉన్నాయి, కొన్ని అరిగి నున్నగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పెద్ద చాపెల్‌కి ఎక్కే చోట నెమ్మదిగా వెళ్ళండి, మధ్యలో కూర్చోవడానికి చోట్లు తక్కువ. కనీసం రెండు గంటలు పెట్టుకోండి, మాకు మూడు పట్టింది. లోపల చల్లగా ఉంటుంది, పలచని శాలువా లాంటిది ఉంటే మంచిది. ఇక బయటైతే మిస్ట్రాల్ అని ఉత్తరం నుంచి రోన్ నది లోయ వెంట దూసుకొచ్చే గాలి, అది మొదలైన రోజు ఎండ కాస్తున్నా చెవులు నొప్పెడతాయి. జులైలో వెళ్ళాలనుకుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. 1947లో నాటక దర్శకుడు జాన్ విలార్ మొదలుపెట్టిన నాటకోత్సవం ఆ నెలలోనే, ప్యాలెస్ పెద్ద ప్రాంగణంలోనే స్టేజి కడతారు. నాటకాలు ఇష్టమైతే అంతకంటే మంచి సమయం లేదు, కానీ ప్యాలెస్‌ని తీరిగ్గా చూడాలంటే వసంతమే నయం. హోటళ్ళు కూడా జులైలో బాగా పిరం.

ఒక ఫిర్యాదు కూడా ఉంది, అది ప్యాలెస్ మీద కాదు. ఆన్‌లైన్‌లో ఒక చోట ఇంగ్లీషు గైడ్‌తో పాత ఊరి నడక బుక్ చేశాను. చెప్పిన చోట నలభై నిమిషాలు నిలబడినా ఎవరూ రాలేదు, ఫోన్ తీయలేదు. అమ్మని గాలిలో నిలబెట్టినందుకు చాలా బాధపడ్డాను. మీరు గైడ్ కావాలంటే ఊళ్ళోని టూరిస్ట్ ఆఫీసులో నేరుగా అడిగి తీసుకోండి, లేదా అసలు లేకుండానే తిరగండి, పాత ఊరు చిన్నదే. తాంతురియే వీధిలో కాలవ పక్కన పాత నీటిచక్రాలున్నాయి, ఒకప్పుడు బట్టలకి రంగులద్దేవాళ్ళ వీధి అది. కూరగాయల మార్కెట్ సోమవారం ఉండదు. పాపలీన్ అని గులాబీ రంగు ముళ్ళ చాక్లెట్లు అమ్ముతారు, చూడటానికి ముద్దుగా ఉంటాయి కానీ లోపల మద్యం ఉంటుంది, పిల్లలకి కొనేయకండి.

రోన్ నది మీద సగంలో విరిగిన పాత వంతెన సంగతికి వస్తే, ప్యాలెస్‌తో కలిపి టికెట్ దొరుకుతుంది. బెనెజే అనే గొర్రెల కాపరికి దైవవాణి వినపడి 1177లో కట్టడం మొదలుపెట్టించాడని కథ. 22 కమానులు ఉండేవి, రోన్ వరదలు ఒక్కొక్కటీ కూలుస్తూ పోతే కట్టలేక 17వ శతాబ్దంలో వదిలేశారు. మిగిలినవి నాలుగు. పైకెక్కి చివరిదాకా నడిస్తే వంతెన నది మధ్యలో ఆగిపోతుంది, అంతే. పది నిమిషాల్లో అయిపోయింది. సమయం లేకపోతే వదిలేయొచ్చు, ఎందుకంటే వంతెన పైన ఉంటే వంతెన కనపడదు కదా.

దాన్ని చూడాల్సింది అవతలి నుంచి. వంతెన దగ్గరే బార్తలాస్ దీవికి చిన్న పడవ ఉంది, టికెట్ లేదు, పూర్తిగా ఉచితం. కొద్ది నిమిషాల్లో అవతల దింపేస్తుంది. సాయంత్రం వెళ్ళండి. వెనక నుంచి పడే ఎండ సరిగ్గా ప్యాలెస్ గోడల మీద పడుతుంది, ముందు విరిగిన వంతెన, దాని వెనక కొండ మీద తోట, కెథీడ్రల్ పైన బంగారు మేరీ విగ్రహం, ఆ పక్కన పొద్దుటంతా మేం తిరిగిన బురుజులు. రెండు రోజుల్లో మేం ఎక్కువసేపు కూర్చున్నది ఆ గట్టు మీదే. అమ్మ ఏ బురుజు కింద వంటగది ఉందో వేలుతో చూపించమంది, ఇద్దరం కలిసి వెతికి పట్టుకున్నాం.

పడవ వేళలు కాలాన్ని బట్టి మారతాయి, ఎక్కేముందే తిరుగు ప్రయాణం ఎప్పటిదాకానో చూసుకోండి. మిస్సయినా కంగారు లేదు, పక్కనే కార్లు వెళ్ళే దలదియే వంతెన ఉంది, దాని మీదుగా నడిచి ఊళ్ళోకి వచ్చేయొచ్చు. మేం కావాలనే అలా వచ్చాం, చీకటి పడేలోపు ప్రాకారం ద్వారం దగ్గరికి చేరాం.