వడపళనిలో మెడికల్ కోడింగ్ కోచింగ్: చేరేవాళ్లకు నా మాట

మెడికల్ కోడింగ్ అంటే డాక్టర్ రాసిన జబ్బులకు, చికిత్సలకు ఇన్సూరెన్స్ బిల్లుల కోసం కోడ్లు ఇవ్వడం, మేం నేర్చుకునేది అమెరికా హాస్పిటళ్ల కోడింగ్. చెన్నై వడపళనిలోని ఈ సెంటర్‌లో చేరాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందుగా ఒక క్లాసు గురించి చెప్తాను. మాకు పాఠం చెప్పే మేడం, పేషెంట్ పేరు తీసేసిన ఒక రిపోర్టు ఇచ్చారు. పొట్టలో చేరిన నీరు తీసి సైటాలజీకి (కణాల పరీక్షకు) పంపితే ‘సస్పీషియస్ ఫర్ మాలిగ్నెన్సీ’, అంటే క్యాన్సర్ అనుమానం అని వచ్చింది. సగం మంది వెంటనే క్యాన్సర్ కోడ్ వెతకడం మొదలుపెట్టారు. ‘‘క్యాన్సర్ అని డాక్టర్ ఎక్కడ తేల్చారో చూపించమ్మా’’ అన్నారు మేడం. ఎక్కడా లేదు. అమెరికా అవుట్‌పేషెంట్ రూల్స్‌లో అనుమానానికి జబ్బు కోడ్ ఇవ్వకూడదు. కణాల్లో తేడా ఉందని మాత్రమే చెప్పే ఆర్85.69 ఇవ్వాలి. హాస్పిటల్‌లో అడ్మిట్ అయిన పేషెంట్‌కు డిశ్చార్జి నాటికీ డాక్టర్ ‘ప్రాబబుల్’ (బహుశా) అనే రాస్తే హాస్పిటల్ కోడింగ్ రూలు వేరు, అక్కడ జబ్బు ఉన్నట్టే కోడ్ చేస్తారు. కానీ ల్యాబ్ రిపోర్టు ఒక్కటే చూసి చేయకూడదు, డాక్టర్‌కు క్వెరీ పంపాలి, అంటే వివరణ అడగాలి.

నేను నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి పెళ్లయ్యాక చెన్నై వచ్చాను. రిపోర్టులో ఆ ఒక్క మాట చూసి కౌంటర్ దగ్గరే ఏడ్చేసిన వాళ్లు నాకు తెలుసు. తేలని క్యాన్సర్ ఒక మనిషి రికార్డులోకి ఎక్కితే ఇన్సూరెన్స్ దగ్గర్నుంచీ ఎన్ని ఇబ్బందులో! అందుకే ఆ క్లాసుకు అంత విలువ ఇస్తున్నాను.

మలద్వారం స్మియర్ (అక్కడి కణాలు తీసి స్లైడ్ మీద చూసే పరీక్ష) కోడ్లు కూడా బాగా చెప్పారు. ఆర్85.610 అంటే ఏఎస్‌సీ-యూఎస్ (కణాల్లో తేడా ఉంది కానీ ఏమిటో తేలలేదని), ఆర్85.612 అంటే ‘లో గ్రేడ్’ (తక్కువ స్థాయి) మార్పు, ఆర్85.613 అంటే ‘హై గ్రేడ్’ (ఎక్కువ స్థాయి) మార్పు. ఆర్85.615 అంటే శాంపిల్ పనికిరాలేదని, అంతే. స్లైడ్ ఫిక్స్ చేయకముందే ఆరిపోయినా అలా రావచ్చు, అది జబ్బు కాదు. బయాప్సీలో ఏఐఎన్ (మలద్వారం కణాల్లో క్యాన్సర్‌కు ముందు దశ మార్పు) 2 అని తేలితే ఈ ఆర్ కోడ్ వదిలి కె62.82కి, ఏఐఎన్ 3 అయితే డి01.3కి వెళ్లాలి.

ఇక లోపాలు. ఐసీడీ కోడ్లు (జబ్బుల కోడ్లు) ఏటా అక్టోబర్ 1న మారతాయి, మాకు ఇచ్చినవి మాత్రం పాత పుస్తకాలు. సీపీటీ (చికిత్సల కోడ్లు) పుస్తకంలో సర్జరీ చాప్టర్లు పరుగులు పెట్టించారు. సీపీసీ (కోడర్లకు ఇచ్చే సర్టిఫికెట్) పరీక్షలో 4 గంటల్లో 100 ప్రశ్నలు చేయాలి, పాస్ కావాలంటే 70 శాతం రావాలి. ఆ స్పీడుకు తగ్గ మాక్ టెస్టులు దాదాపు లేవు. బయట బోర్డు మీద ‘జాబ్ గ్యారంటీ’ అని ఉంటుంది, చివరికి వాట్సాప్ గ్రూపులో ఇంటర్వ్యూ లింకులు పెడతారు. ఊళ్లో అప్పు చేసి వచ్చిన పిల్లలకు ఇది చాలా అన్యాయం. ఆ బోర్డు తీసేయాలి.

క్లాసు తమిళం, ఇంగ్లీషు కలిపి నడుస్తుంది. సూళ్లూరుపేట, తిరుపతి పిల్లలకు మేడం బ్రేక్‌లో తెలుగులో మళ్లీ చెప్తారు, విసుక్కోరు.

నన్నడిగితే మేడం బ్యాచ్ అయితేనే చేరండి. డెమో క్లాసులో ఈ ఏడాది పుస్తకం చూపించమనండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి, గట్టిగా అడిగితే వాయిదాలకు ఒప్పుకుంటారు.