వేళ్లా, వాచీయా, ఛాతీ పట్టీయా: గుండె వేగం చూసుకోవడానికి ఏది మేలు?

గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెలుసుకునే మార్గాలు ఇప్పుడు ఇంట్లోనే నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఏది మేలో చెప్పాలంటే, ఆ అంకె దేనికోసం కావాలో ముందు తేల్చుకోవాలి.

విశ్రాంతిలో ఉన్నప్పటి వేగమే కావాలంటే నా మొగ్గు వేళ్ల వైపే. పెద్దవారిలో ఇది సాధారణంగా 60 నుంచి 100 మధ్య ఉంటుంది. ఏళ్ల తరబడి కఠినమైన సాధన చేసిన క్రీడాకారుల్లో 40 దాకా దిగినా అది జబ్బు కాకపోవచ్చు. అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చున్నాక అరచేతిని పైకి తిప్పి, బొటనవేలి మొదలుకు దిగువన మణికట్టు మీద ఉండే చిన్న పల్లంలో రెండో చేతి చూపుడువేలిని, నడిమివేలిని తేలికగా ఆనించాలి. గట్టిగా నొక్కితే రక్తనాళం అణిగిపోయి నాడి అందదు. బొటనవేలితో చూస్తే దాని నాడే మనకు తగిలి లెక్క తప్పుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం చాలామందికి అలవాటే గానీ, అందులో ఒక్క దెబ్బ అటూఇటూ అయినా ఫలితంలో నాలుగు తేడా వస్తుంది కాబట్టి నిండు నిమిషం లెక్కించడమే మంచిది. పైగా ఆ నిమిషంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా ఉందా, మధ్యలో ఒకటి జారిపోతోందా అన్నది కూడా వేలికి తెలుస్తుంది. మెడ దగ్గర చూసుకునేవారు ఒక వైపే చూడాలి. రెండు వైపులా ఒకేసారి నొక్కితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

వాచీ పని తీరు వేరు. అది చర్మంలోకి ఆకుపచ్చ కాంతిని పంపి, తిరిగి వచ్చే వెలుతురులోని హెచ్చుతగ్గులను బట్టి రక్తప్రవాహపు అలలను లెక్కిస్తుంది. పట్టీ వదులుగా ఉన్నా, చేతులు చల్లబడినా, మణికట్టు మీద పచ్చబొట్టు ఉన్నా లెక్క తడబడవచ్చు. పరుగులోనైతే ఒక్కోసారి అడుగుల తాళాన్నే నాడి అనుకుని చూపిస్తుంది. అయితే నిద్రలోని వేగాన్ని రోజూ నమోదు చేసి, వారాల తరబడి వచ్చే మార్పును చూపడంలో వేళ్లు దానికి సాటి రావు. జ్వరం వచ్చినా, ఒంట్లో నీరు తగ్గినా వేగం పెరగడం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

వ్యాయామ సమయానికి మాత్రం ఛాతీ పట్టీయే మేలు, ఎందుకంటే అది రక్తపు అలను కాక గుండెలో పుట్టే విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది. కట్టుకునే ముందు దాని మెత్తలను తడపాలి. ఇక్కడ అందరూ వాడే సూత్రం 220లోంచి వయసు తీసివేయడం: 40 ఏళ్ల వ్యక్తికి గరిష్ఠ వేగం 180 అనీ, ఒక మోస్తరు వ్యాయామానికి అందులో 50 నుంచి 70 శాతం, అంటే 90 నుంచి 126 అనీ లెక్క. ఇది సగటు అంచనా మాత్రమే, మనిషిని బట్టి పది పన్నెండు అటూఇటూ మారుతుంది. దాన్ని శాసనంలా పట్టుకుని అంకె అందలేదని ఆయాసపడడం అనవసరం. వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారికి ఈ సూత్రం అసలే పనికిరాదు.

బీపీ యంత్రం, వేలికి తగిలించే ఆక్సిమీటర్ కూడా నాడి అంకె చూపిస్తాయి. ఇంట్లో ఉంటే వాడుకోవచ్చు, దీనికోసమే కొననక్కర్లేదు.

లయ తప్పుతోందన్న అనుమానం ఉన్నప్పుడు వీటిలో ఏదీ చివరి మాట కాదు. గుండె పై గదులు లయ తప్పి అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో కొన్ని దెబ్బలు బలహీనంగా ఉండి మణికట్టు దాకా చేరవు కనుక, అక్కడ లెక్కించిన సంఖ్య అసలు గుండె వేగం కన్నా తక్కువ రావచ్చు. దాన్ని ఈసీజీ తీసి వైద్యులే నిర్ధారించాలి. విశ్రాంతిలోనూ వేగం తరచూ 100 దాటుతున్నా, 60 లోపు ఉండి తల తిరుగుతున్నా వైద్యుణ్ని కలవాలి. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం వంటివి ఉంటే నాడి లెక్కపెడుతూ కూర్చోకుండా వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లాలి.