దేవమాలి, డుడుమ, గుప్తేశ్వరం: ఒక్క రోజే ఉంటే ఏది మేలు?

మాది ఒడిశాలోని జయపురం. విశాఖ నుంచి అక్కాబావలు కిరండూల్ పాసింజర్ ఎక్కారంటే, అరకు దాటకముందే బావ ఫోన్ వస్తుంది: "ఏమోయ్, ఈసారి ఎక్కడికి?" వాళ్ల చేతిలో ఉండేది ఒక్క రోజు. పిల్లలకు కొండ ఎక్కాలి, బావకు జలపాతం చూడాలి, అత్తకు గుడి కావాలి. మా కోరాపుట్ జిల్లాలో మూడూ ఉన్నాయి కానీ మూడూ మూడు దిక్కుల్లో ఉన్నాయి. ఒక్క రోజులో రెండు చూద్దామని బయల్దేరితే రోడ్డు తప్ప ఏమీ చూడలేం. ఆ పొరపాటు ఒకసారి చేశాను, మళ్లీ చెయ్యను.

ముందు దేవమాలి. ఒడిశాలో ఇదే అన్నింటికన్నా ఎత్తయిన శిఖరం, 1672 మీటర్లు. ఆ మాట అనగానే బావ "మా ఆంధ్రలో జిందగడ శిఖరం 1690" అంటాడు. అదీ నిజమే, కాదనను. కానీ దేవమాలికి ఉన్న సుఖం వేరు. పైకి దాదాపు చివరిదాకా బండి పోతుంది. అక్కడ చెట్లుండవు, అంతా గడ్డి కొండలే. గాలికి అడ్డే లేదు. సూర్యోదయం చూడాలంటే మాత్రం జయపురంలో తెల్లవారుజామున మూడింటికి బండి తీయాలి. డిసెంబరు, జనవరిలో చలి పది డిగ్రీల లోపుకి దిగుతుంది. పోయినసారి ఫ్లాస్క్ మూత తీసి టీ పోస్తుంటే సగం గ్లాసులో పడింది, సగం గాలికి అక్క శాలువా మీద పడింది. మబ్బులు కింద లోయలో పాలు పొంగినట్టు నిండిపోయి, పక్క కొండల తలలు మాత్రమే కనిపించాయి. పిల్లలు పది నిమిషాలు నోరు మెదపలేదు. మా ఇంట్లో అది పెద్ద విషయమే.

అయితే ఒకటి. శని, ఆదివారాల్లో వెళ్లకండి. టెంట్లు, స్పీకర్లు, ప్లాస్టిక్ ప్లేట్లు. అలాంటి రోజున మబ్బుల కన్నా పాటలే ఎక్కువ. వర్షాకాలంలో పైకి వెళ్తే ఎదుటి మనిషి కూడా కనపడకపోవచ్చు. నన్నడిగితే నవంబరులో, మామూలు పనిరోజున వెళ్లాలి. అప్పుడు సిమిలిగుడ దాటాక వాలు పొలాల నిండా వలిసె పూలుంటాయి. ఆ పసుపు చూస్తూ బండి ఆపని డ్రైవర్‌ని నేనింకా చూడలేదు.

డుడుమ సంగతి వేరు. మాచ్‌ఖండ్ నది 150 మీటర్లకు పైగా ఎత్తు నుంచి ఒక్కసారిగా లోయలోకి దూకుతుంది. నది ఒక ఒడ్డు ఆంధ్ర, ఇంకో ఒడ్డు ఒడిశా. కానీ ఈ జలపాతానికి ఓ చిక్కుంది: దానికి పవర్ హౌస్‌తో వాటా. పైన జలాపుట్ డ్యామ్‌లో నీళ్లు నిలుపుతారు, దిగువన కాలువలోకి మళ్లించి మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రానికి పంపుతారు. 1955 నుంచీ రెండు రాష్ట్రాలూ పంచుకుంటున్న కరెంటు అది. ఆ పంపకం అయ్యాక మిగిలిన నీళ్లే మనం చూసే జలపాతం. ఈ సంగతి తెలియక ఓ మే నెలలో బావని తీసుకెళ్లాను. నల్లటి బండ మీద తెల్ల దారంలా ఒక ధార. "దీనికోసమా ఇంత దూరం? మా ఇంటి ట్యాంకు పొంగినా ఇంతకంటే ఎక్కువ పోతుంది" అన్నాడు. మూడేళ్లయినా ఆ మాట వదల్లేదు. అదే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వెళ్లండి, చప్పుడు ముందొస్తుంది, నీళ్లు తర్వాత కనిపిస్తాయి. చూసే చోట నిలబడితే తుంపర్లకు కళ్లద్దాలు తుడుచుకోవడమే పని. బండలు పాచి పట్టి ఉంటాయి, పిల్లల చెయ్యి వదలకూడదు.

డుడుమకు నేను ఎక్కువ మార్కులు వేసేది నీళ్లకు మాత్రమే కాదు, గురువారానికి. పక్కనే ఒనుకుడెల్లిలో ఆ రోజు సంత. కొండ మీది ఊళ్ల నుంచి బొండా గిరిజనులు దిగి వస్తారు. ఆడవాళ్ల మెడనిండా లోహపు కడియాలు, నడుము దాకా పూసల దండలు. ఒకపక్క చోళ్లు (రాగులు), సామలు, ఎండు చేపలు, ఇంకోపక్క సొరకాయ బుర్రల్లో జీలుగు కల్లు. కరెంటు ప్రాజెక్టు పుణ్యమా అని అక్కడ తెలుగు బాగానే వినిపిస్తుంది, బేరం తెలుగులోనే నడిచిపోతుంది. వాళ్లు మాండియా పేజ్ అనేది మన చోడి అంబలే. ఎండలో తిరిగొచ్చి ఒక దొప్పెడు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తు రాదు. సెల్‌ఫోన్ మాత్రం జేబులోనే ఉండాలి. సంతకు వచ్చిన మనిషి మనకు ఫోటో కాదు. ఆ మాట బావకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

గుప్తేశ్వరం గురించి ఎక్కువ చెప్పను, వెళ్లినవాళ్లకు తెలుసు. బైపరిగుడ, రామగిరి మీదుగా అడవిలో దారి. సున్నపురాయి గుహలో శివుడు, మెట్ల పక్కన సంపెంగ చెట్లు, కింద కొలాబ్ నది, అవతలి ఒడ్డున ఛత్తీస్‌గఢ్. మూడింట్లో నడక తక్కువ కాదు గానీ, నీడ ఎక్కువ ఇక్కడే. శివరాత్రికి వెళ్లారంటే దర్శనం కన్నా క్యూ గుర్తుంటుంది. మోకాళ్ల నొప్పులున్న అత్త మెట్లన్నీ తానే దిగింది, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. పైకి ఎక్కేటప్పుడు మాత్రం నా భుజం నొక్కుకుంటూ ఎక్కింది. ఎండాకాలంలో మిగతా రెండూ మానేసి ఇక్కడికే రండి. గుహలో చల్లగా ఉంటుంది.

ఇంకో సరదా విషయం. కొలాబ్‌నే కిందకు వెళ్లాక శబరి అంటారు. మాచ్‌ఖండ్‌ సీలేరు అవుతుంది. రెండూ మోటు దగ్గర కలిసి గోదావరికి పోతాయి. ఇది చెప్పి "ఏది చూసినా అవే నీళ్లు" అని అత్తను ఒప్పించబోయాను. "అయితే నీళ్లు అక్కడే చూడు, శివుణ్ణి ఎక్కడ చూపిస్తావు?" అంది.

నా ఓటు డుడుమకే, వానలు వెళ్లిన కొత్తలో, గురువారం. కుర్రకారు మాత్రమే ఉంటే, నవంబరైతే, దేవమాలి. బండిలో పెద్దవాళ్లుంటే వాదన అనవసరం, గుప్తేశ్వరమే. ఎటు వెళ్లినా సిమిలిగుడలోనో జయపురంలోనో ట్యాంకు నింపుకోండి. లోపలికి పోయాక బంకూ కష్టం, సిగ్నలూ కష్టం.

ఈ కార్తీకంలో మళ్లీ వస్తామంటున్నారు. సంత కలిసొచ్చేలా బుధవారం రాత్రికి దిగమన్నాను. అత్తేమో సోమవారం తప్ప కుదరదంటోంది.