ముసలి కుందేలుకు మెలాక్సికామ్ సిరప్: మందుతో పేచీ లేదు, పెట్టెలోని సిరంజితోనే

కుక్కల కోసం తయారుచేసిన ఈ నొప్పి మందును కీళ్లు అరిగిన కుందేళ్లకూ డాక్టర్లు రాస్తారు. మందు ఏమిటో, ఎందుకు ఇస్తారో ఇది చదివేవాళ్లకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. లేకపోతే ఇంత దూరం వెతుక్కుంటూ రారు. అందుకే ఆ సంగతులు వదిలేస్తున్నా. సీసాతో పాటు పెట్టెలో ఒక ప్లాస్టిక్ సిరంజి వస్తుంది చూశారా, నా గోలంతా దాని గురించే.

మా జున్ను చెన్నైలో పల్లావరం శుక్రవారం సంతలో మా అబ్బాయి మారాం చేసి కొనిపించిన కుందేలు. తెల్లగా, మెత్తగా ఉన్నాడని ఆ పేరు. తొమ్మిదో ఏడు దాటాక వెనక కాళ్లు పట్టేశాయి. సోఫా ఎక్కడం మానేశాడు, మూత్రం పోసే ట్రే అంచు దాటలేక పక్కనే పోసేవాడు. ఎక్స్‌రేలో వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయని తేలింది. అప్పటి నుంచి చివరి రోజు దాకా, అంటే రెండు ఎండాకాలాలు, ఈ సిరప్ మా ఫ్రిజ్ పక్క అలమరలో ఉండేది.

ముందు మంచి చెప్పాలి. రుచి! తీపిగా ఉంటుంది. అంతకుముందు వేరే ఏ మందైనా తువాల్లో చుట్టి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇద్దరు మనుషులం తిప్పలు పడితేగానీ లోపలికి పోయేది కాదు. ఇది మాత్రం సీసా మూత చప్పుడు వినగానే కుంటుకుంటూ వచ్చి సిరంజి కొన నోట పట్టేవాడు. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీలో పక్కగా పెట్టి మెల్లగా నొక్కాలని డాక్టర్ నేర్పారు, మాకు ఆ పని కూడా పడలేదు, వాడే నాకేసేవాడు. వారం తిరిగేసరికి మళ్లీ ట్రేలోకి ఎక్కాడు. కనిపించిన వాళ్లందరికీ చెప్పాను, మావాడు కుర్రాడైపోయాడని. (నిజం చెప్పాలంటే అదే వారం ఇంట్లో టైల్స్ మీద కాలు జారకుండా చాపలు పరిచాం, ట్రేకి ఒక వైపు అంచు కోసేశాం, పైగా అది మార్గశిరం, ఎండ లేదు. మందు వాటా ఎంతో ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.)

ఇక సిరంజి. దాని మీద ఎంఎల్ గీతలు ఉండవు, కిలోలు ఉంటాయి. అయిదు, పది, పదిహేను, ఇలా. మీ కుక్క ఎన్ని కిలోలో చూసి అక్కడి దాకా లాగండి, అంతే. కుక్కల యజమానికి ఇంతకంటే సుళువైన ఏర్పాటు ఉండదు. కుందేలు సంగతి వేరు. కుందేలు ఒళ్లు ఈ మందును త్వరగా ఖర్చు చేసేస్తుంది కాబట్టి కిలోకు ఇవ్వాల్సిన మోతాదు కుక్క కంటే కొన్ని రెట్లు ఎక్కువ. కుక్కకు రోజువారీ మోతాదు కిలోకు 0.1 మిల్లీగ్రాము. కుక్కల సీసాలో ఒక ఎంఎల్‌కు 1.5 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే రెండు కిలోల ప్రాణికి ఆ కొలత ప్రకారం వెళ్లేది సుమారు 0.13 ఎంఎల్, రెండు మూడు చుక్కలు. మా డాక్టర్ రాసింది దానికి అయిదు రెట్లు. ఆ అంకె ఇక్కడ పెట్టను. మీ కుందేలు బరువు, కిడ్నీలు చూసి మీ డాక్టర్ చెప్పాల్సిన సంగతి అది.

అందుకే మొదటి రోజే డాక్టర్ పెట్టెలోని సిరంజి పక్కన పడేసి, మందుల షాపులో సూది లేని ఒక ఎంఎల్ సిరంజి కొనుక్కోమన్నారు. పది రూపాయల్లోపు వస్తువు. దాని మీద నేను గోళ్ల రంగుతో ఎర్ర గీత పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరు ఇచ్చినా ఎర్ర గీత దాకా, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

నెల్లూరులో మా చిన్నాన్న కూతురి పెళ్లికి వెళ్లాం. జున్నును మా మరిదికి అప్పగించాం. అతను అంబత్తూరులో పని, మా ఇంట్లోనే ఉంటాడు, జున్ను అంటే ప్రాణం. మందు, గడ్డి, నీళ్లు, మధ్యాహ్నం గడ్డకట్టిన నీళ్ల సీసా పక్కన పెట్టడం, అన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. తీరా మేము బయల్దేరిన మర్నాడు ఆ చిన్న సిరంజి బిగుసుకుపోయింది. ఈ సిరంజిలు ఒక్కసారి వాడి పారేయడానికి చేసినవి. తీపి మందు, వేడినీళ్ల కడుగుడు కలిస్తే లోపలి నల్ల రబ్బరు పట్టేస్తుంది. నొక్కితే కదలదు, గట్టిగా నొక్కితే ఒక్కసారిగా చిమ్ముతుంది. అతను దాన్ని పక్కన పెట్టి అలమర వెతికాడు. మందు పెట్టె, అందులో కవరు కూడా విప్పని సిరంజి. సాక్షాత్తూ ఆ మందు కంపెనీవాడే ఇచ్చింది, పైగా దాని మీద కిలోలు రాసున్నాయి. జున్ను రెండు కిలోలు. ఎవరైనా ఏం చేస్తారు? మొదటి గీతకు సగం కంటే తక్కువ, రెండు కిలోల అంచనాకు లాగి ఇచ్చాడు. ఎంతో జాగ్రత్తగా, పూట తప్పకుండా.

మేము ఇల్లు చేరిన రాత్రి జున్ను మంచం కింద మూలన ముడుచుకుని ఉన్నాడు. చెవులు చల్లగా ఉన్నాయి. పళ్లు కొరుకుతున్నాడు. కుందేలు సంతోషంలోనూ పళ్లు ఆడిస్తుంది, కానీ ఇది వేరు, గట్టిగా, ఆగి ఆగి. ట్రేలో పెంటికలు మామూలుగా శనగగింజంత ఉండాల్సినవి మిరియాలంత అయ్యాయి, అవీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. గరిక ముట్టలేదు. మా మరిది ముఖం చూడలేకపోయాను. "మందు ఒక్క పూట కూడా మానలేదు వదినా, కావాలంటే సీసా చూడు" అంటాడు. చూశాను. సీసా దాదాపు మేము వెళ్లినప్పటి మట్టానికే ఉంది.

నొప్పి ఎక్కువైతే కుందేలు తినదు. తినకపోతే పేగు కదలిక ఆగుతుంది. పేగు ఆగితే గ్యాస్, దానితో ఇంకా నొప్పి. కుందేలుకు వాంతి చేసుకునే వీలు లేదు, కాబట్టి లోపలిది బయటికి పోయే దారి ఒకటే. పగలు ఒక పూట తినకపోయినా దాన్ని అత్యవసరంగానే చూడాలి, రేపు చూద్దాం అనకూడదు. రాత్రికి రాత్రే ఆటో ఎక్కాం. చర్మం కింద సెలైన్, నొప్పికి ఇంజెక్షన్, వేడి కోసం కింద గోరువెచ్చటి సంచీ. తెల్లారాక ఇంటికి పంపి, గడ్డి పొడిని నీళ్లలో కలిపి సిరంజితో కొద్దికొద్దిగా పట్టమన్నారు. డాక్టర్ రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టి చూశారు. మా మరిది వైపు తిరిగి, "మీరు రాసున్నది సరిగ్గానే చదివారు" అన్నారు. అతనికి ఆ మాట చాలా అవసరం ఆ పూట.

జున్ను కోలుకున్నాడు. కానీ నా కోపం కోలుకోలేదు. సిరంజి ఒక వైపు కిలోలు వేసినవాడు రెండో వైపు ఎంఎల్ గీతలు వేయడానికి ఏం పోయింది? అలా రెండూ ఉన్న సిరంజిలు వేరే మందులతో నేనే చూశాను. కుందేళ్లకు ఈ మందు కంపెనీ సిఫారసు చేయలేదు, డాక్టర్ తన బాధ్యత మీద రాస్తారు, కాబట్టి కంపెనీని అడగడానికి నాకు హక్కు లేదని మా ఆయన వాదన. ఉండనివ్వండి. ఎంఎల్ గీతలుంటే కుక్కలవాళ్లకు వచ్చే నష్టమేమీ లేదు కదా.

సిరంజి గురించే ఇంకో రెండు ముక్కలు. షాపులో ఒక ఎంఎల్ సిరంజి అంటే చాలాసార్లు ఇన్సులిన్ సిరంజి తీసి ఇస్తారు. దాని మీద ఉండేవి యూనిట్లు. 40 యూనిట్ల రకంలో 40 అంటే ఒక ఎంఎల్, 100 యూనిట్ల రకంలో 100 అంటే ఒక ఎంఎల్. ఇది మరో ఉచ్చు. పైగా చాలావాటికి సూది ఊడి రాదు. వెనక్కి ఇచ్చేయండి. సరైనదాని మీద 0.1, 0.2 అని ఉంటుంది. నేను ముందు తెగ పొగిడిన ఆ పది రూపాయల సిరంజి కూడా ఎంతకాలమో రాదు. అంకెలు చెరిగిపోతాయి, రబ్బరు పట్టేస్తుంది. ఆ పెళ్లి ప్రయాణం తర్వాత నుంచి వారానికొకటి మార్చి, అరడజను ఎప్పుడూ దగ్గర పెట్టుకునేదాన్ని, అన్నిటి మీదా ముందే ఎర్ర గీతతో. పెట్టెలోని సిరంజిని కూడా అప్పటి నుంచి సీసా తెరిచిన రోజే చెత్తబుట్టలో వేసేదాన్ని. మూతకు బిగించే గొట్టం మాత్రం వదలొద్దు, మందు తీయడానికి అది కావాలి.

అలాగే పిల్లుల కోసం అమ్మే సీసాలో ఇదే మందు ఎంఎల్‌కు 0.5 మిల్లీగ్రామే. పేరు ఒకటే, బలం మూడో వంతు. షాపులో "అదే మందమ్మా" అని చేతిలో పెట్టబోయారు ఒకసారి. ఇవ్వబోయే ముందు సీసా బాగా కుదపాలి, మందు అడుగున పేరుకుంటుంది. బుడగలు సిరంజిలోకి వస్తే మాత్రం కొలత తప్పుతుంది.

ఎండాకాలం గురించి చెప్పకుండా చెన్నైలో ఈ మందు సమీక్ష రాయలేను. ఒంట్లో నీళ్లు తగ్గితే ఈ మందు కిడ్నీల మీద పడుతుంది. అగ్ని నక్షత్రం రోజుల్లో, అంటే ఇక్కడ ఎండలు మండిపోయే రోజుల్లో, జున్ను నీళ్లు తాగడం తగ్గించేవాడు, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసేవాళ్లం, ఒకటి రెండుసార్లు మోతాదు తగ్గించమన్నారు కూడా. కొన్నాళ్లకొకసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించాం. బాగా తడిపి, నీళ్లు కారుతుండగానే గరిక, కొత్తిమీర పెట్టేవాళ్లం. గరికకు మా వీధి పిళ్లయార్ (వినాయకుడి) గుడి ముందు పూలమ్మే ఆవిడే ఆధారం. దేవుడికి కట్టిన కట్టలు కాకుండా విడిగా ఉన్నది మాకోసం ఉంచేది. కుందేళ్లకు పెట్టే తిమోతి అనే ఎండుగడ్డి విదేశం నుంచి వస్తుంది, ధర వింటే మా అత్తయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేది. ఆ ఫ్లాట్‌లో పగలంతా ఒక మనిషి ఉండేవాళ్లం కాబట్టి ఇదంతా సాగింది.

మొదట్లో మెచ్చుకున్న తీపి గురించి కూడా కొంచెం సర్దుకోవాలి. చివరి నెలల్లో వెనక కాళ్లు పూర్తిగా పోయాయి. మూత్రంలో తడిసి తొడల లోపల ఎర్రబడేది. రోజూ బొచ్చు కత్తిరించి, కడిగి, ఆరబెట్టాల్సి వచ్చేది. రాత్రి వేసే మెత్తటి పెంటికలను కుందేలు వంగి తనే తింటుంది, అది దాని పోషణలో భాగం. వాడికి వంగడం రాక అవి తోకకు అంటుకునేవి. ఆ దశలో కూడా సిరంజి చూపితే నాకేవాడు. మేము అది చూసి, ఇంకా ఆశ ఉంది, ఇష్టంగా తీసుకుంటున్నాడు అనుకునేవాళ్లం. డాక్టరే చెప్పారు: తీపి మందు నాకడం ఆకలికి గుర్తు కాదు, గడ్డి తనంతట తాను తింటున్నాడా, పెంటికలు ఎంత ఉన్నాయి, మీరు పక్కన కూర్చుంటే తల పెట్టుకుంటున్నాడా, ఇవి రాసుకోండి అని. మా అబ్బాయి క్యాలెండర్ మీద రాశాడు. బాగున్న రోజుకు టిక్కు, లేని రోజుకు సున్నా. సున్నాలు వరసగా వచ్చాక ఇంకెవరూ వాదించలేదు. బాధ లేకుండా సాగనంపడానికి ముందు మత్తు ఇచ్చి, పూర్తిగా నిద్రపోయాక రెండో ఇంజెక్షన్ ఇచ్చారు. అలాగే చేయమని మీరూ అడగండి, చాలామంది అడగరు. సూళ్లూరుపేట దగ్గర మా మామయ్యగారి తోటలో పెట్టాం.

మిగిలిన సీసాను పై ఫ్లాట్ వాళ్లు తమ కుక్క మోకాలికి అడిగారు. ఇవ్వలేదు. తెరిచి ఆరు నెలలు దాటింది, పైగా ఏ ప్రాణికి ఎంతో డాక్టర్ చెప్పకుండా ఇంకోసారి ఆ తలనొప్పి నాకు వద్దు.

మళ్లీ ఇంట్లో ముసలి కుందేలు ఉంటే ఇదే కొంటానా? రెండు కిలోల కుందేలు, కిడ్నీలు బాగున్నాయి, ఆటో దూరంలో కుందేళ్లు తెలిసిన డాక్టర్ ఉన్నారు అంటే కొంటాను. మందుకు మంచి మార్కులే వేస్తాను. ఇంటి దగ్గర కుక్కలు మాత్రమే చూసే డాక్టర్ ఉంటే మాత్రం ముందు ఆయన కుందేళ్లకు ఏం రాస్తారో అడుగుతాను. మా పేటలో ఒకాయన నోటి ద్వారా అమోక్సిసిలిన్ రాయబోయారు, అది కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం మీదికి తెస్తుంది. ఇక నేను రోజంతా ఆఫీసులో ఉండి, వాడిని వేరేవాళ్ల చేతుల్లో పెట్టాల్సిన పరిస్థితి అయితే, ఒక్కో పూట మోతాదు ముందే సిరంజిల్లో నింపి పెట్టుకోవచ్చా అని డాక్టర్‌ను అడిగి చూసేదాన్ని.