ఉప్పుగాలి ఊళ్లో యుద్ధకాలపు మడత చాకు

రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ సైనికులకూ నావికులకూ ఇచ్చిన మడత చాకు ఒకటి విశాఖ వన్‌టౌన్‌లో పాత ఇనుప సామాను అమ్మే కొట్లో, స్పానర్ల కుప్ప అడుగున నాకు దొరికింది. కొన్నేళ్లుగా దాన్ని అలమారాలో దాచకుండా రోజూ వాడుతున్నాను. నల్లటి గళ్ల పిడి, రెండున్నర అంగుళాల బ్లేడు, డబ్బా మూత కోసే కొక్కెం, వీపున దబ్బనం లాంటి మేకు, చివర తాడు కట్టుకునే రింగు, ఇంతే దాని నిర్మాణం. బొటనవేలు ఆనే చోట గళ్లు అరిగి నున్నబడినా, మిగతా చోట్ల తడిచేతికి కూడా పట్టు జారదు.

దీని బ్లేడును షీప్స్‌ఫుట్ అంటారు. అంచు తిన్నగా సాగుతుంది, వీపు చివర్లో కిందికి వంగి దాన్ని కలుస్తుంది గనుక మొన అంటూ ఉండదు. ఊగే ఓడ మీద పనిచేసేవాడికి చాకు పొరపాటున గుచ్చుకోకూడదు, పైగా మోకు కోసేటప్పుడు అంచు మొత్తం బల్లకు ఆనాలి. మేకు ఉన్నది మోకు పురులను విడదీయడానికి, బిగుసుకున్న ముడిని వదులు చేయడానికి. తడిసి రాయిలా బిగిసిన నైలాన్ ముడిని ఈ మేకుతో విప్పినవారెవరూ మళ్లీ ముడిని నోటి పళ్లతో లాగబోరు. పాత చాకుల ప్యాటర్న్ గుర్తించాలంటే పేర్ల పట్టిక బట్టీ పట్టేకంటే, ఏ బ్లేడు ఏ పనికోసం పుట్టిందో ఆలోచించడమే మంచి దారి అని నాకు అనిపించింది కూడా దీన్ని వాడుతున్నప్పుడే. అమెరికా స్టాక్‌మన్ చాకులో క్లిప్ (వీపు చివర్లో కోసినట్లుండి మొన తేలినది), షీప్స్‌ఫుట్, స్పే అని మూడు బ్లేడ్లు ఉంటాయి. మొద్దు కొస గల ఆ స్పే బ్లేడు కోడెలకు విత్తులు కొట్టడానికి ఉద్దేశించినది కాబట్టి, అది కనబడగానే పశువుల కాపరి గుర్తుకు రావాలి. ట్రాపర్ అనే రకంలో రెండు పొడుగాటి బ్లేడ్లూ ఒకే కొస నుంచి తెరుచుకుంటాయి. బార్లో అనే రకాన్ని పిడి మొదట్లో ఉండే పొడవాటి లోహపు తొడుగే పట్టిస్తుంది.

ఇక కాలనిర్ణయానికి బ్లేడు మొదట్లోని ముద్రలే ఆధారం. నా చాకు మీద బ్రిటిష్ ప్రభుత్వ సొత్తును తెలిపే బాణం గుర్తు, దాని పక్కన 1943 ఉన్నాయి. అదే బాణం సి అక్షరం లోపల ఉంటే కెనడాది, రెండు డి అక్షరాల మధ్య ఉంటే ఆస్ట్రేలియాది. చాకులకు పేరుపడ్డ ఇంగ్లండు నగరం షెఫీల్డ్‌లో తయారైన పాత చాకు ఏది కనబడినా రోడ్జర్స్ అని చెప్పి అమ్మజూస్తారు గాని, అక్కడి చాకుల కంపెనీ జోసెఫ్ రోడ్జర్స్ వారి నక్షత్రం, మాల్టా శిలువ గుర్తు 1682 నాటిది. అది స్పష్టంగా కనబడనిదే ఆ పేరుకు డబ్బు కట్టకండి. స్టెయిన్‌లెస్ అని చెక్కి ఉన్న చాకును విక్టోరియా రాణి కాలానిదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవచ్చు, ఎందుకంటే షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ ఆ ఉక్కును తయారుచేసింది 1913లో.

విశాఖలో అసలు పరీక్ష ఉప్పుగాలితోనే. ఇది కార్బన్ స్టీలు. తుడవకుండా ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి నారింజరంగు చుక్కలు తేలుతాయి. పచ్చి మామిడికాయ కోస్తే బ్లేడు నిమిషాల్లో నల్లబడి, ముక్క అంచున కూడా సన్నటి నల్ల గీత పడుతుంది, ఇనుప వాసన వస్తుంది. ఆవకాయ ముక్కలకు దీన్ని వాడకపోవడమే మంచిది. అయితే క్రమంగా ఏర్పడే ఆ నీలిబూడిద రంగు పొర ఎర్రతుప్పును కొంత ఆపుతుంది గనుక దాన్ని మెరుగుపెట్టి గీకేయకూడదు. కీలులో కుట్టుమిషను నూనె ఒక బొట్టు, బ్లేడు మీద నూనె గుడ్డ, ఇంతకుమించి పోషణ అక్కరలేదు. తోలు సంచిలో మాత్రం ఉంచకండి, అది తేమ పీలుస్తుంది. సెల్యులాయిడ్ పిడి చాకులు ఉంటే వాటినీ వేరుగా పెట్టాలి. వేడికీ తేమకూ ఆ పిడి చివికి ఆమ్లపు ఆవిరి వదులుతుంది, పక్కనున్న మంచి బ్లేడ్లకూ తుప్పు పట్టిస్తుంది.

కొనేటప్పుడు గోరు పెట్టి తెరిచే గాడి నుంచి అంచు వరకు ఎంత ఉక్కు మిగిలిందో చూడండి. గాడి అంచుకు మరీ దగ్గరగా వచ్చిందంటే బ్లేడు సానరాయికి చాలా వరకు అరిగిపోయినట్లే. షీప్స్‌ఫుట్‌కు మొన తేలి ఉంటే ఎవరో తర్వాత అరగదీశారని అర్థం. నా చాకుకు ఈ లోపాలు లేవు, స్ప్రింగు ఇప్పటికీ టక్కుమని పడుతుంది. డబ్బా కొక్కెం ఒక్కటే ఈనాటి పలుచటి డబ్బాలకు మరీ మోటు. సముద్రానికి ఆనుకొని ఇల్లున్నవారికి, రోజూ నూనె గుడ్డ పట్టే ఓపిక లేనివారికి యుద్ధం తర్వాత వచ్చిన పూర్తి స్టెయిన్‌లెస్ రకమే నా సిఫారసు. దానికి పదును పెట్టడం కష్టమే గాని, తుప్పు గొడవ అంతగా ఉండదు.